బయటికి అనే గడి

ఆదోని కాటన్ మార్కెట్ గేటు ఎదురుగా
నా జెరాక్సు అంగడి.
జనవరిలో దూది గాలికి లేచి
మిషను గాజుపలక మీద వాలుతుంటాది.
తుడిచి పనిలోకి దిగాల.

డిగ్రీ చదివే తస్లీమ్ పెన్‌డ్రైవ్ తెచ్చింది,
ఇరవై మూడు ఫొటోలు, కాలేజీ గోడకు అంటించాలంట.
జర్మనీవి. మొదటి ఏండ్లవి.
మూతబడిన ఫ్యాక్టరీలో మనుషుల్ని పెట్టిన కొత్తలో.

నలుపు ఎక్కువైతే టోనరు తింటాది,
తెలుపు ఎక్కువైతే మొఖాలు పోతాయి.
నాకు తెలిసింది అంతే.
మొదటి దాంట్లో మనుషులు వరసగా,
ఇంకా సొంత కోట్లలోనే.
ఒకాయన టోపీ తీసి పొట్టకు ఆనించుకున్నాడు.
ఆయన కోసమని వెలుతురు రెండు పాయింట్లు పెంచినాను.
వెనక గోడలో ఇటుకలు తేలినాయి,
మొఖం రాలేదు.

ఆరోది గోదాము.
పైకప్పు దాకా అరలు, అరల నిండా సంచులు,
సంచికో చీటీ, చీటీకో నంబరు.
అడుగున బూట్లు, జతజతకూ లేసు ముడి.

అప్పుడొచ్చినాడు ఉరుకుందప్ప,
జిన్నింగు మిల్లు గోదాము గుమాస్తా,
స్టాకు రిజిస్టరు కాపీకి.
నుదుటి మీది కళ్ళద్దాలు దించి
తెర దగ్గరికి వంగినాడు.
"ఎవురప్పా ఈ పనిమంతుడు?
ఎలుక దూరకుండా జానెడెత్తు వదిలినాడు చూడు.
చీటీలన్నీ ఒకే పక్కకు!
ముప్పై ఏండ్లు చెప్పినా మావోళ్ళకు రాలేదిది."

తస్లీమ్ చెప్పింది.
సంచుల్లో ఉన్నది గేటు దగ్గర విప్పించిన బట్టలని,
ఫొటో తీసింది కూడా వాళ్ళేనని,
అంతా పద్ధతిగా ఉందని పేపర్లకు చూపేదానికి.

ఉరుకుందప్ప కాసేపు బయట ఎద్దులబండిని చూసినాడు.
"రిజిస్టరు ఫొటో ఉండాదా పాపా?"

ఉండాది. పద్దెనిమిదోది.
భాష రాకున్నా గడులు చదివినాడు వేలితో.
ఇది పేరు. ఇది తేదీ. ఇది సరుకు.
ఇది లోపలికి.
ఇది బయటికి.
పైన కొన్ని సంతకాలున్నాయి.
"మొదట్లో కొందర్ని వదిలినారు,
నోరు విప్పబోమని రాయించుకుని," అంది ఆ పిల్ల.
వేలు కిందికి జారింది,
ఒక సంతకం, రెండు ఖాళీలు, ఒక సంతకం,
ఆ తర్వాత ఆగేదానికేమీ దొరకక
పేజీ అంచు దాటి టేబులు మీదికొచ్చింది.

"నన్ను పెట్టింటే," అన్నాడు,
"నేనూ ఇట్లానే పేర్చిందును."
కాపీలు తీసుకోకుండానే పోయినాడు.

రాత్రి సగం షట్టరు దించి
సొరుగులోని బిస్కెట్ డబ్బా తీసినాను.
జనం గాజు మీద మరిచిపోయిన అసలు కాగితాలు.
అక్షరాల వరసలో పెట్టినాను అన్నీ,
దానికి కొంచెం గర్వపడేవాణ్ణి కూడా.
తాయమ్మ, పెద్దతుంబళం. రేషన్ కార్డు.
వెనక పెన్సిలుతో ఫోన్ నంబరు.

"అమ్మా, నీ కార్డు నా కాడ ఉండాది."
అవతల టీవీ మోగుతోంది, ఎవరో తగ్గించినారు.
"ఎన్నాళ్ళ నుంచి నాయనా?"
అంది ఆమె.