సత్తు రంగు

అసలు విమానానికి రంగే వెయ్యలేదు.
ఆ వెయ్యకపోవడాన్ని తేవడానికి
నాకు ఏడు పూతలు పట్టింది.

ముందు నలుపు.
ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు
లారీ క్యాబిన్లకి డూకో కొట్టిన
మీరావలి బాబాయ్ మాట అది.
"నలుపులో నీ మీసం వెంట్రుకలు
లెక్కపెట్టుకోగలిగితే
అప్పుడు పిలువు వెండిని."

నాది డకోటా. డెబ్బై రెండో వంతు.
రెక్క కొసనుంచి రెక్క కొసకి
మూరకి నాలుగు వేళ్లు తక్కువ.

పగలు బోల్టుల కొట్లో లెక్కలు రాస్తాను.
రాత్రి కృష్ణలంకలో, మేడమీది రేకుల గదిలో
ఫ్యాన్ ఆపేసి కూర్చుంటాను.
ఫ్యాన్ తిరిగితే దుమ్ము, తిరక్కపోతే చెమట.
చెమటే నయం, నుదుటికి తువ్వాలు కడితే ఆగుతుంది.
ఏటి మీంచి వచ్చే తేమ మాత్రం దేనికీ ఆగదు.
కంప్రెసర్ గొట్టంలో చుక్కయి కూర్చుని
సరిగ్గా ముక్కు మీద చిమ్ముతుంది.
అమ్మవారు పోసినట్టు మచ్చలు.
మళ్లీ రెండువేల నంబరు నీటి కాగితం.
మళ్లీ నలుపు.

మొదటిసారి డబ్బాలో వెండి డబ్బాలోలాగే పూశాను.
చవితి పందిట్లో కిరీటంలా వచ్చింది.
బాబాయ్ చూసి
నవ్వనైనా నవ్వలేదు.

ఆ రాత్రే అటక మీంచి
అమ్మ సత్తు తపేలా దింపాను.
బోర్లించి లైటు కింద పెట్టాను.
అడుగున మసి వదిలి వెళ్లిన నీలం.
పొట్ట దగ్గర బూడిదతో తోమీ తోమీ
పాలిపోయిన తెలుపు.
అంచున, గుడ్డతో పట్టి దించే చోట, మెరుపు.
చిల్లికి మాటు వేసిన చోట వేరే రేకు,
పొరుగూరి మనిషిలా, కలిసీ కలవక.
చుట్టూ నాలుగు మేకు తలలు.
ఒక్క గిన్నెకి ఆరు రంగులు!
ఇరవై ఏళ్లు అందులో అన్నం తిన్నాను,
ఒక్కటీ చూళ్లేదు.

ఇక రేకు రేకుకీ వేరే గిన్నెలో కలిపాను.
ఒకదానికి చుక్క నీలం,
ఒకదానికి చిటికెడు మట్టి రంగు,
ఇంజను పొగగొట్టం వెనక
మాడిన పాల మీగడ.
పల్చన ఎంతంటే, మజ్జిగ తేటంత.
విసిరీ విసరనట్టు, దూరంనుంచి.

రెక్క మీద చివరి నలుపు ఆరిన రోజు
బాబాయ్ మెట్లెక్కి వచ్చాడు.
రెండు కళ్లలోనూ శుక్లాలు.
వద్దు అనేలోపే
బొటనవేలు రెక్క పొడుగునా నడిచింది.
సగంలో ఆగింది.
"ఇక్కడ నలుసుంది."

భూతద్దం పెట్టి వెతికితే ఉంది.
ఆవగింజలో అరవయ్యో వంతు.

నలుసు తీశాను.
వేలిముద్ర తుడవడానికి థిన్నర్ గుడ్డ తడిపాను,
తడిపి, ఎందుకో,
అది ఆరిపోయేదాకా కూర్చున్నాను.
జిడ్డు మీద వెండి సరిగ్గా పట్టదని తెలుసు.
తెలిసే పూశాను.

ఎదురుగా చూస్తే ఏమీ లేదు.
తలుపు సందులోంచి పొద్దుటెండ
ఏటవాలుగా పడితే మాత్రం
రెక్క మధ్య సుడులు సుడులుగా తేలుతుంది.
డెబ్బై రెండో వంతు మనిషి ఎవడైనా
నిచ్చెనేసుకుని రెక్క ఎక్కితే
ఏ రాక్షసుడు తడిమాడోనని హడలి చస్తాడు.

"కుదిరిందా?" అన్నాడు బాబాయ్.
"తపేలాలా ఉంది" అన్నాను.
"ఊఁ" అని టీ తాగాడు.

ఆ సాయంత్రం కిందికి దిగేసరికి
సువర్చల పెరట్లో పంపు దగ్గర ఉంది.
చింతపండు, ఉప్పు, ఇనప పీచు.
"అటకమీది గిన్నె కనపడింది,
ఎంత అసయ్యంగా పెట్టావో" అంది.
తళతళలాడుతోంది తపేలా.
ఈ చివరనుంచి ఆ చివరికి
ఒకటే వెండి.

నేను మాట్లాడకుండా పైకెళ్లి
లైటు వేశాను.
నీలం ఉంది. పాలిపోయిన తెలుపూ ఉంది.
తోక దగ్గర, మాటు వేసినట్టు,
ఆ పొరుగూరి రేకు.