పదకొండో పేజీ, కింద

ఆ రాత్రి టీవీలో ఎవురో పిల్లోడు.
ఊరు మాది కాదు, జిల్లా కూడా కాదు.
మొగం మీద గళ్ళు గళ్ళుగా మసక.
కింద పరిగెత్తే ఎర్ర పట్టీలో
పేరు లేదు, వయసు లేదు,
ఆటిజం అని మాత్రం ఉండాది.

కోటాయన బల్ల మీద చెయ్యి కొట్టి చెప్పినాడు:
"గమనించండి, అతను ఎవరి కళ్ళలోకీ చూడడు!"

మా తమ్ముడూ చూడడు.
ట్రాక్టరు టైర్లు చూస్తాడు.
చిత్తూరు పుత్తూరు రోడ్డులో, గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
తోతాపురి బండ్లు మైలు పొడుగునా నిలబడితే,
కాటా గదిలో నేను చీటీలు రాస్తాంటే,
మునిశేఖర్ బయట నిలబడుకోని
ఏ బండి ఎన్నింటికొచ్చిందో, దేని వెనకాల ఏదో
ఒక్క నెంబరు తప్పకుండా చెప్తాడు.
వరస తప్పించి దూరినోడు వాడికి దొరికిపోతాడు.
రైతులు వాణ్ణి లెక్కలయ్యా అంటారు.

"ఒంటరిగా ఉండేవాడట. అన్నమాటే మళ్ళీ మళ్ళీ అనేవాడట."
పక్క గడిలో ఒక డాక్టరు,
ఆ పిల్లోణ్ణి ఎప్పుడూ చూడని డాక్టరు,
తల ఊపినాడు.

సరుకు బరువు తెలియాలంటే
ఖాళీ బండిని కూడా తూచాల.
ఆ రాత్రి ఎవురూ తూచలే.

తెల్లారి కొళాయి కాడ
సుగుణక్క బిందె దించి, గొంతు తగ్గించి అడిగింది:
"మీవోడికి కోపమొస్తే ఏం చేస్తాడు మే?"
పద్నాలుగేండ్లుగా ఎరిగిన మనిషి.
గంగజాతరలో పలకలు మోగితే
మెట్ల కింద దూరి చెవులు మూసుకున్నోడికి
మజ్జిగ తెచ్చిచ్చింది ఆమే.
ఆ సాయంత్రం నుంచి
ఆమె మనవరాలు మా వాకిట్లో ఆడుకోలే.

నలభై మూడు దినాలకి
(లెక్క నాది కాదు, వాడిది)
పేపరు నేల మీద పరిచి
ధరలు చదవతాండాడు వాడు, రోజూ మాదిరే,
యాడా ఆపకుండా, ఒకే గొంతుతో:
తోతాపురి టన్ను ఎనిమిది వేలు
నీలం పదకొండు
హత్య కేసులో మేనమామ అరెస్టు పొలం తగాదానే కారణం
యువకుడికి సంబంధం లేదని తేల్చిన పోలీసులు
బోరు మోటార్ల మరమ్మతుకు టెండర్లు...

"ఆగు. మళ్ళీ చదువు."

చదివినాడు. మూడు వరసలు.
ఆటిజం అనే మాట ఈసారి లేదు.
మేనమామ కళ్ళలోకి చూస్తాడో లేదో
ఎవురూ రాయలే.

ఆ పేజీ సుగుణక్కకి చూపిద్దామని లేచినా.
వాడు ఇయ్యలే.
పక్కనే నీలం ధర ఉండాదంట,
ఇంకా రాసుకోలేదంట.