ఉపసంహారం

గుణుపూర్ స్టేషన్ రోడ్డులో
బిద్యాధర్ మొబైల్ రిపేరు కొట్టు పైన గది.
రేకుల మీద వాన.
ముగ్గురం, ఒక తెర, కాగితం పొట్లంలో ముఢీ.
నూట పన్నెండు గంటల ఆట
నిన్న రాత్రి ముగిసింది.

"ఏటి ముగిసిందీ?" అంటాడు దాలినాయుడు.
"నాలుగో అంకంలో, వంతెన దగ్గర,
మందులు నూరే ఇరావతి చచ్చిపోయిందా,
చివర్న ఆట రాసిన ముక్క ఒక్కటే:
ఏళ్లు గడిచాయి.
ఏళ్లట!
మా పెదనాన్న ఎద్దు చస్తే
పదకొండు రోజులు కాడి ముట్టలేదు."

ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాన్ని
వాడు తెలుగులో తిట్టాడు,
బిద్యాధర్ ఒడియాలో వెనకేసుకొచ్చాడు,
నేను మధ్యలో ముఢీ నములుతున్నాను.

"అదొక్కటేనా," దాలి ఆగడు,
"చితి ఆరలేదు, బూడిదలో ఇంకా ఎరుపుంది,
అప్పుడే ఆ కమ్మరిపిల్ల పక్కన
గులాబీ రంగు గుండె వెలిగింది,
నొక్కితే ప్రేమ!
ఒక్క ఊరు దాటేదాకా ఆగొద్దూ?
ఒక్క రాత్రి ఎవరూ మాట్లాడకుండా
నెగడు చుట్టూ కూర్చోనివ్వొద్దూ?"

స్క్రూడ్రైవర్ చెవి వెనక దోపుకుని
"వెలిగింది గానీ, నొక్కమని ఎవడన్నాడ్రా"
అన్నాడు బిద్యాధర్.
తను ఒకసారి రాణిని పెళ్లాడాడు,
ఒకసారి పడవవాడి వెంట పోయాడు,
ఒకసారి ఎవరూ వద్దని ఉత్తరానికి నడిచాడు.
మూడు ముగింపుల్లోనూ
ఏళ్లు మాత్రం అలాగే గడిచాయట.

నేను నొక్కాను.
ఆ మాట ఇంకా చెప్పలేదు వీళ్లకి.

మెదడుకెక్కిన మలేరియా, నాలుగే రోజులు.
రాజారావు పోయాక
నా ముందు వెలిగిన బటన్లు ఇవీ:
గ్యాసు కనెక్షన్ పేరు మార్పు,
పాసుబుక్కులో పేరు మార్పు,
రేషన్ కార్డులో కొట్టివేత.
ఇంకోటి కూడా వెలిగింది.
రెండో నెలలో, పర్లాకిమిడి బస్సులో,
చిల్లర తిరిగిస్తూ కండక్టరు వేలు
నా అరచేతికి తగిలింది.
అంతే.
రెండు స్టాపుల ముందే దిగిపోయి
ఎండలో నడిచాను,
చిల్లర అక్కడే ఎవరికో ఇచ్చేశాను.

"దాలీ, ఆట అబద్ధమాడలేదు" అన్నాను.
"బూడిద ఎర్రగా ఉన్నప్పుడే వెలుగుతుంది.
దానికి మర్యాద తెలీదు."

వానొక్కటే కాసేపు.

"నొక్కితే ఏమవుతుందో చూశావా?
ముద్దూ లేదు, పాటా లేదు.
ఆ పిల్ల సమ్మెట పక్కన పెట్టి
అడుగుతుంది:
ఇరావతి మందులో ఏ ఆకు వేసేది?
నీకు గుర్తున్నంత చెప్పు.
కింద మూడు జవాబులు.
మూడోది ఖాళీ గీత."

దాలి చూడలేదు. పంతం పట్టి నొక్కలేదు.
బిద్యాధర్ చూడలేదు. వేరే దారుల్లో పోయాడు.
ఆ ఏడుపంతా
గులాబీ గుండె వెనక దాచారు,
అటు వెళ్లినవాళ్లకే కనబడేలా.

"ఎపిలాగ్‌ని మీ తెలుగులో ఏమంటారు?"
"ఉపసంహారం."
"మాకూ అదే!"
రెండు భాషల నడుమ ఆ ఒక్క మాట
తడవకుండా నిలబడింది.
వదిలిన అస్త్రాన్ని వెనక్కి పిలవడానికీ
అదే మాట, చిన్నప్పుడు విన్నాను.
వదలడం నేర్పిన గురువే
పిలిచే మంత్రం కొందరికి నేర్పడు.
కొందరికి సగమే గుర్తుంటుంది.
నాకు సగం.

కింద ఎవరో గట్టిగా పిలుస్తున్నారు,
ఫోను వంశధారలో పడిందట,
బతుకుతుందా అని.
బియ్యం డబ్బా పట్టుకుని
బిద్యాధర్ మెట్లు దిగాడు.

దాలి వంతెన ముందు దాచుకున్న ఆటని
మళ్లీ తెరిచాడు.
ఇరావతి ఇంకా నూరుతూనే ఉంది.
వాడు చాలాసేపు వంతెన ఎక్కలేదు.

"లోలాక్షక్కా," అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా,
"నువ్వు ఏ జవాబు నొక్కేవు?"

ముఢీ పొట్లం మడిచాను.
అడుగున ఒక పచ్చిమిరప ముక్క,
కొంచెం ఉప్పు.