గడువు దాటిన పుస్తకం గురించి జీద్రాతో

జీద్రా, పుస్తకం నాలుగు రోజులు ఆలస్యం.
జరిమానా చిల్లర ఈ గ్లవ్సులో ఉంది, తీసుకో.
అట్ట మీది మరక బీట్‌రూట్ సూపుది.
నేను చేసింది కాదు, కానీ నా లెక్కలోనే రాసుకో.

ఎలా ఉందని అడిగావు కదా,
నా ట్రామ్ బయల్దేరడానికి ఇంకా పావుగంట ఉంది, చెప్తాను.

మా అమ్మమ్మ చెప్పిన కథే ఇది.
చలికాలానికి యజమాని ఒక ఎలుగుబంటి.
తమ్ముణ్ణి ఎత్తుకుపోతే అక్క వెతుక్కుంటూ వెళ్తుంది.
మొదటి గుమ్మంలో జడ ఇచ్చింది,
రెండో గుమ్మంలో చెప్పులు.
మూడో గుమ్మంలో ఎలుగు అడిగింది:
మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తుందో
ఆ పేరు ఇచ్చి పో.
ఇచ్చేసింది.
తమ్ముడు ఇల్లు చేరాడు. తల్లి నాలుగు కంచాలు పెట్టి
నాలుగో కంచం వైపు నోరు తెరిచి
ఏ మాటా రాక
మూసుకుంది.
అమ్మమ్మ అక్కడే ఆపేసి
మళ్ళీ బాతు ఈకలు పీకేది.

ఈ రచయిత్రి ఏం చేసిందో చూడు!
ఎలుగుకి ఎర్ర మఫ్లరు చుట్టింది.
దానికో కష్టాల చిన్నతనం అంటగట్టింది,
ఈమధ్య ప్రతి దుర్మార్గుడికీ ఒకటి పంచుతున్నారులే, రేషన్ పంచదారలా.
మూడు గుమ్మాల్ని ఏడు చేసింది. నాలుగో దానికే నాకు ఆవులింత.
మాట్లాడే గరిటె ఒకటి,
అది మాట్లాడకపోతే ఎంత బాగుండేదో.
ముప్ఫై రెండో పేజీలో మాత్రం
ఆకాశాన్ని ఎవరో ఓపిగ్గా తురుముతున్నారని రాసింది, మంచు గురించి.
ఆ పేజీకి టోపీ తీశాను,
చెవులు కొరికే చలిలో కూడా.

ఇక చివర.
చివర పేరు తిరిగొస్తుంది!
మంచు కరిగి, వాగులో తేలి,
ఒక తేనెటీగ మోసుకొచ్చి తల్లి నాలుక మీద పెడుతుంది.
రెండు పేజీల నిండా పూలు.
ఒళ్ళు మండింది జీద్రా.

అమ్మమ్మ చెల్లెల్ని ఒక మార్చి నెలలో
పశువుల రైలుపెట్టె ఎక్కించారు.
ఎనిమిదేళ్ళకి తిరిగొచ్చింది,
కాగితాల్లో పేరు ఒక అక్షరం మారి.
పిలిస్తే ముందు పక్కకి చూసేది,
ఇంకెవరినో పిలుస్తున్నారని.
తేనెటీగలు మా పెరట్లోనూ ఉండేవి.
అందుకే చీటీ రాసిపెట్టుకున్నాను, నీ అభిప్రాయాల డబ్బాలో వెయ్యడానికి:
చివరి రెండు పేజీలూ అబద్ధం.

వెయ్యలేదు. అన్సిస్ వల్ల.
షెడ్డులో పెట్టెలు కడిగే సర్మీతె కొడుకు.
తల్లి పనయ్యేదాకా నా వెనక సీట్లో
లియెపాయా ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతాడు, టికెట్టు లేకుండా.
చివరి స్టాపులో ఎనిమిది నిమిషాలు ఆగుతాం.
రోజుకో గుమ్మం చదివాను.
వాడు కిటికీ ఆవిరి మీద గీతలు గీసేవాడు, వింటున్నట్టే ఉండేవాడు కాదు.
ఆఖరిరోజు గడుసుగా కంచం దగ్గర ఆపి
"అయిపోయింది, కథ షెడ్డుకి, మనం ఇళ్ళకి" అన్నాను.

పుస్తకం లాక్కుని
మిగిలిన పేజీలు వేలితో లెక్కపెట్టాడు.
చదవక తప్పలేదు.
తేనెటీగ వచ్చింది. తల్లి పిలిచింది.
"మళ్ళీ" అన్నాడు.
మళ్ళీ చదివాను. అద్దం మీద వాన, వైపరు చప్పుడు.
"మళ్ళీ."
మూడోసారి అయ్యాక, నాకేసి చూడకుండా,
"మా నాన్న నన్ను పిచ్చుకా అనేవాడు. ఇప్పుడు ఎవరూ అనరు.
మరి అది ఇన్నాళ్ళూ ఎక్కడుంటుంది?"

ఎలుగు దగ్గర, అనబోయి
తెలీదురా అన్నాను.
ఆ రోజు ట్రామ్ రెండు నిమిషాలు ఆలస్యంగా కదిలింది,
చేపల మార్కెట్టు దగ్గర ఒక ముసలాయన గడియారం చూపించి తిట్టాడు.
వాడు దిగేటప్పుడు ఆ పేరు నా నోటిదాకా వచ్చింది.
మింగేశాను.
నీ బల్ల మీద పుస్తకాల్లా
ఎవరు పడితే వాళ్ళు అరువు తీసుకునేది కాదుగా అది.

నా అభిప్రాయం మారలేదు, రాసుకో.
ముగింపు అబద్ధం. బొమ్మలు మరీ తియ్యన. గరిటెని తీసెయ్యాలి.

ఆ పుస్తకం ఇలా ఇవ్వు.
ఇంకో మూడు వారాలు నా పేర రాయి.