చిటికెన వేలి అరుగు

కొరుక్కుపేట రైల్వే గేటు పడిందంటే
పావుగంటకి తక్కువ లేవదు.
ఆ పావుగంటలోనే నా క్షవరం,
ధనకోటి షాపులో, నెలకోసారి.

మెడకి గుడ్డ కట్టాక చేసే పనేముంది?
అద్దంలో కత్తెరనే చూసి చూసి
ఇన్నేళ్లకి అడిగాను:
"ఉంగరం పక్కన ఈ తోకెందుకు ధనకోటీ,
మేకుకి తగిలించడానికా?"

నవ్వాడు. నా మెడ మీద గాలి తగిలింది.
"మేకుకైతే ఉంగరం చాలదా సార్?
ఇది చిటికెన వేలి అరుగు.
నాలుగు వేళ్లూ పనిలో ఉంటే
ఐదోది గాల్లో వేలాడకూడదు.
దానికి చోటివ్వలేదనుకోండి,
సాయంత్రం మోచెయ్యి లెక్క అడుగుద్ది."

ఇంకో నెల, ఉంగరాల మధ్య రబ్బరు బొడిపె.
అది లేకపోతే ఇనుము ఇనుముని తిడుతుందట.
"చెవి పక్కనే తిట్టుకుంటే ఎవరికి సార్ కునుకు పట్టేది?"
దువ్వెనకి సగం పళ్లు ఎడం, సగం ఇరుకు:
ముందు చిక్కుని బతిమాలాలి,
పాపిడి సంగతి తర్వాత.

కూతురు కనకవల్లిది ఎడమచెయ్యి.
తండ్రి కత్తెర ఆమె చేతిలో తెగదు,
వెంట్రుకని మడిచి వదిలేస్తుంది.
అలుగులు రెండూ అలిగిన తోడికోడళ్లలా
ఎడంగా జరుగుతాయి.
బొటనవేలికి బొబ్బ.
"కుడిచేత్తో నేర్చుకోరాదూ" అన్నవాళ్లలో
నేనూ ఒకణ్ణి.

ధనకోటి ఏమీ అనలేదు.
ఆదివారాలు ఈవినింగ్ బజారు గల్లీలన్నీ తిరిగి
మూడో నెలలో తెచ్చాడు
అద్దంలోంచి తీసినట్టున్న కత్తెర.
అప్పుడు తట్టింది నాకు:
ఇన్నేళ్లూ ఆ కుర్చీలో కూర్చుని నేను చూసింది
ఎడమచేతి ధనకోటినే.

ఇవాళ నా తల కనకవల్లి చేతిలో ఉంది.
బొడిపె ఊడిపోతే
సైకిల్ ట్యూబు ముక్క అతికించుకుంది.
చప్పుడు లేదు.
బెంచీ మీద ధనకోటి నోరు తెరుచుకుని నిద్ర.
గేటు లేచి లారీలు హారన్లు కొట్టినా
కదల్లేదు.

గుడ్డ కింద నా కుడిచెయ్యి తడుముకున్నాను.
బ్యాంకులో ముప్ఫై ఏళ్లు సంతకాలు చేసిన చెయ్యి.
అన్నేళ్లూ చిటికెన వేలు
ఎక్కడ ఆనించానో
ఎంతకీ గుర్తు రాలేదు.