సరే అన్న తరువాత

కాస్త్రోలో వాన ఆగిందని ఎవరైనా చెబితే నమ్మకండి.
రాత్రి పదకొండు దాటింది.
కట్టెల పొయ్యి మీద కెటిలు గొణుగుతోంది,
కర్రకాళ్ళ మీద నిలబడ్డ ఇంటి కింద
సముద్రం వస్తోంది, పోతోంది.
ఒరియానా చిగ్వాయ్ లాగ్ ఫైలు చదువుతోంది
జ్వరం పడ్డ పిల్ల థర్మామీటరు చూసినట్టు.

ఆమె రాసిన స్క్రిప్టు మర్యాద తెలిసినదే.
ఓడ టికెట్టు అడిగినవాళ్ళకి
"సరే, మీ సీటు ఖాయం" అని ముందు చెప్పేసి
తలుపు మెల్లగా దగ్గరికేసి
అప్పుడు లోపల నడుం బిగిస్తుంది.
టికెట్టు కాగితం గియ్యాలి, మెయిలు పంపాలి,
రేవులో తాడు పట్టే అన్సెల్మో జాబితాలో
ఒక పేరు ఎక్కించాలి.
అడిగినాయన ఈపాటికి ఫోను జేబులో దోపుకుని
బంగాళాదుంపలు తవ్వడానికి పోయుంటాడు.
ఆయనకెందుకు మన చెమట?

నిరుడు ఇలా ఉండేది కాదు.
అంతా అయ్యేదాకా మనిషిని గుమ్మంలోనే నిలబెట్టేది.
తెల్లటి తెర, తిరుగుతూనే ఉండే చక్రం.
దీవుల్లో నెట్టు సంగతి తెలిసిందే,
మబ్బు పడితే దానికి మాట పడిపోతుంది.
విసిగి మళ్ళీ నొక్కేవాళ్ళు, మళ్ళీ.
ఒక గొర్రెల బేరగాడు ఏడుసార్లు నొక్కి
కిటికీ పక్క వరుస మొత్తం కొనేశాడు.
డబ్బు వెనక్కిమ్మని వాడు పెట్టిన కేకలు
ఆఫీసు గోడల్లో ఇంకా ఉన్నాయి.

అందుకే మార్చింది.
ముందు జవాబు, తరువాత పని.
రెండే లైన్లు.
ఆ సాయంత్రం తనకి తానే ఆపిల్ కేకు కొనిపెట్టుకుంది.

ఈ మంగళవారం
దోన్యా ఎదూలియా బర్రీయా కెయ్యోన్ రేవుకొచ్చింది.
అవతలి ఒడ్డుకి ఎముకల డాక్టరు నెలకొక్కసారే వస్తాడు,
ఆమె మోకాలు ఆరు నెలలుగా ఆయన కోసమే నొప్పి పెడుతోంది.
అన్సెల్మో జాబితాని పైనుంచి కిందికి చదివాడు,
తడి వేలితో కిందినుంచి పైకి చదివాడు.
"సరే అన్నారు కదయ్యా" అందామె.
ఓడ నిండిపోయింది.
ఆమె ఫోను తెరని ఉన్ని శాలువాతో తుడిచి మళ్ళీ చూసింది,
అక్షరాలేమైనా మారాయేమోనని.
మారలేదు. సరే అనే ఉంది.

ఇదుగో, ఇప్పుడు దొరికింది.
సోమవారం రాత్రి తొమ్మిదీ పద్నాలుగు.
స్క్రిప్టుకి ముప్పై సెకన్ల ఆయుష్షు.
జవాబిచ్చింది, తలుపేసింది,
కాగితం గీస్తూ గీస్తూ
ముప్పయ్యో సెకనులో ఒరిగిపోయింది.
లోపల దీపం ఆరిందని బయట ఎవరికి తెలుస్తుంది?

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య,
దాటాక బోడి మల్లయ్య అంటాం మనం.
ఇక్కడ ఏరు దాటింది మన మాట.
ఒడ్డున మిగిలిపోయింది మనిషి.

ఆయుష్షు పెంచొచ్చు. గంట ఇవ్వొచ్చు.
మరి గాలికి కరెంటు తీగ తెగితే?
కెటిలు రెండుసార్లు ఆవిరైపోయింది.
చివరికి ఒరియానా ఒక పద్దు తెరిచింది, మూడు గళ్ళ పట్టిక.
ఎవరికి ఏం బాకీ పడుతున్నామో ముందు అందులో రాయాలి.
ఆ సిరా ఆరాకే "సరే" అనాలి.
తరువాత వేరే పనివాడొకడు,
ఎవరి ముఖమూ చూడనివాడు,
నిమిషానికోసారి లేచి ఒక బాకీ తీర్చి గీత కొడతాడు.
వాడు పోతే ఇంకొకడు లేస్తాడు.
పద్దు మాత్రం పోదు.

పరీక్షకి మొదటి వరుసలో ఎదూలియా పేరే రాసింది, వచ్చే నెల ఓడకి.
పనివాణ్ణి మధ్యలో చంపింది. మళ్ళీ చంపింది.
మూడోసారి చంపుతుంటే చెయ్యి కాస్త వెనకాడింది.
నాలుగోసారి గీత పడింది.

పొద్దున్నే ఫోను చేసింది.
"మీ సీటు ఖాయమండీ."
అవతల చాలాసేపు కోళ్ళ చప్పుడు మాత్రమే వినిపించింది.
"ఇది మొన్నటి సరేనా, అమ్మాయ్, వేరే సరేనా?"
"రాసిపెట్టాను" అంది ఒరియానా.
"ఎక్కడ?"
చెబుదామని నోరు తెరిచి,
చొక్కా చేతి మీద పడ్డ బొగ్గు మరక చూసుకుంటూ
ఆ గళ్ళ గురించి, ఆ పనివాడి గురించి
మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.