మరమ్మతులో ఉన్న మంచం

ముహర్రఖ్‌లో మా కేంద్రం గోడ అవతలే విమానాలు దిగుతాయి.
దిగిన ప్రతిసారీ నా బల్ల మీద క్లిప్పుల డబ్బా గలగలమంటుంది.
వైద్యమంతా పై అంతస్తులో.
నాది కింద:
ఇరవై రెండు మంచాలు, పద్నాలుగు తాళంచెవులు,
స్పిరిట్ కలవని శానిటైజర్ ఎవరమ్ముతారో వెతకడం,
వంటింట్లోంచి వెనిగర్ తీసేయించడం,
అత్తరు సీసాల్ని సంచిలో వేసి పేరు రాసి సీలు వేయడం.
ఒకాయన షేవింగ్ లోషన్‌కి రసీదు అడిగాడు.
ఇచ్చాను.
సగం సీసా, అని కూడా రాశాను.

అర్ధరాత్రి దాటాక మేనమామ కారులో వచ్చే కుర్రాడికి
ఇక్కడ అంకె ఒక్కటే, పేరుండదు.
క్యాంపు బస్సులో వచ్చేవాడికి
పేరు, ఇంటిపేరు, తండ్రిపేరు, కంపెనీ ఉత్తరం,
ఆ ఉత్తరంలో క్రమశిక్షణ అన్న మాట రెండుసార్లు.

రాజలింగం బస్సులో వచ్చాడు.
కోరుట్ల అవతల ఊరు, పరంజీ కట్టే పని.
వస్తువుల జాబితా: గడియారం ఒకటి, ఆగిపోయినది.
నడుం బెల్టు ఒకటి, కొక్కెంతో సహా.
ఇరవై ఎనిమిది రోజులు ఏడో మంచం.

వెళ్ళిన వారానికి ఫోను మొదలైంది,
డాక్టరుకు కాదు, ఆఫీసుకి,
నాలుగూ పదికి, డ్యూటీ దిగి బస్సెక్కే ముందు.
"మేడం, ఏడో నంబరు మంచం ఖాళీగున్నదా?"
"ఉంది. వస్తావా? పేరు రాయనా?"
"వద్దు వద్దు. ఉన్నదా లేదా అని అడిగిన."
మర్నాడూ అంతే. ఆ మర్నాడూ.
వెనకాల సిమెంటు మిక్సరు తిరుగుతుంటుంది,
ఎవరో ఎవర్నో హిందీలో తిడుతుంటారు.

పది రోజులు పట్టింది నాకు తెలియడానికి.
ఆ మంచం ఉన్నంతకాలం
అతనికి ఆ మంచం అక్కర్లేదు.

రిజిస్టరులో ఏడుకి ఎదురుగా రాశాను: మరమ్మతు.
అబద్ధానికైనా ఒక కాలు విరగాలి కదా.
మొతాలిబ్ దగ్గర స్పానర్ అడిగి తెచ్చి
మంచం కోడు బోల్టు నేనే ఊడదీశాను.
అది నా సొరుగులో, స్టాంపు ప్యాడ్ పక్కన.
"ఒక్క బోల్టుకి రెండు నెలలా?" అంది లెక్కలు చూసే డానా.
"జర్మనీ నుంచి రావాలి."
నమ్మలేదు. నవ్వనూ లేదు.
నెలవారీ నివేదికలో తొంభై అయిదున్నర శాతం నిండుదల.
మిగతా నాలుగున్నర శాతం
రోజూ నాలుగూ పదికి ఫోను చేస్తుంది.

మొన్న మంగళవారం రాత్రి
గేటు దగ్గర ఒకణ్ణి దించి వెళ్ళిపోయింది ఏదో వ్యాను.
ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఒళ్ళంతా థిన్నర్ వాసన.
వణికే వేళ్ళు గుండీలు పెట్టుకోబోతున్నాయి,
తొడుక్కున్నది టీషర్టు.
పైనుంచి డాక్టరు ఫోనులో అడిగింది,
"మంచం ఖాళీగా ఉందా?"
అదే ప్రశ్న.
సొరుగు తెరిచాను.
మొతాలిబ్ టార్చి పట్టుకున్నాడు, నేను బిగించాను,
జర్మనీ ప్రస్తావన అతను తేలేదు.

బుధవారం నాలుగూ పది.
"మేడం, ఏడో నంబరు..."
"లేదు. ఇచ్చేశాను."
మిక్సరు తిరిగింది.
ఇక్కడ ఒక విమానం దిగింది, డబ్బా గలగలమంది,
అది అతనికి వినబడిందో లేదో.
ఏదో అనబోయాను. మా నిబంధనల్లో
దానికి వాక్యం లేదు.
"చిన్నపోరడా?"
"చిన్నవాడే."
"ఆ కిటికీ పరదా మొత్తం మూసుకోదు మేడం,
పొద్దుగాల ఎండ సక్కగ కండ్లల్ల కొడ్తది.
తలకాయ అటుదిక్కు పెట్టుకొమ్మని చెప్పున్రి."
పెట్టేశాడు.
రేపు చేస్తాడో లేదో చెప్పలేదు, నేనడగలేదు.

మరమ్మతుల పుస్తకం తీశాను.
ఏడో మంచం, బోల్టు: అయింది.
కింది వరసలో, ఏడో మంచం, కిటికీ పరదా,
అని రాసి
అత్యవసరం గడిలో టిక్కు పెట్టాను.